తారాగుచ్ఛములలో కృష్ణబిలములు

గోళాకార తారాగుచ్ఛములలో లక్షలకొలది తారలు కిక్కిరిసి యుండును. మహాతారల అవశేషములైన కృష్ణబిలములు అచ్చట ఒకదానినొకటి వెలికి నెట్టుకొని, ఇంచుమించుగా అన్నియు వెడలిపోవునని 1993లో గణితము తేల్చెను. మనము ఎక్స్ కిరణములతో వెదకినంతకాలము పాలపుంత గుచ్ఛములలో న్యూట్రాన్ తారల జంటలే తేటపడుట ఆ మాటకు బలమిచ్చెను.

అయితే తోడితార నుండి కొలదిగా వాయువు లాగుకొను కృష్ణబిలము ఎక్స్ కిరణములలో మసకబారి, రేడియో తరంగములలో గట్టిగా పలుకును. 2012లో అమెరికా యందలి జాన్‌స్కీ రేడియో దూరదర్శిని, సుమారు 10,000 కాంతి సంవత్సరముల దూరమందలి ఎం-22 గుచ్ఛమున అట్టి స్వరములను రెండింటిని పట్టుకొనెను. అవి కృష్ణబిలములే యని శాస్త్రజ్ఞుల తలంపు. 2018లో ఎన్.జి.సి. 3201లో ఒక తార ఊగులాటను బట్టి, కానరాని కృష్ణబిలమును సూర్యునికి 4 రెట్లకు పైబడిన బరువుగా తూచిరి. గుచ్ఛముల మౌనము శూన్యము కాదని నేడు మన మెరుగుదుము.