రీలు కెమేరాలు - మన పెద్దల ముఖాలు

మన ఇళ్ళలో గోడ మీద ఒక పాత ఫొటో ఉంటుంది. దానికి గంధపు దండ ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్నది తాతగారని పిల్లలకు చెబుతాము. కాని దానిని ఎట్లాంటి కెమేరాతో తీశారు, దాని నెగెటివ్ ఏమయింది అని అడిగితే చెప్పగలవారు తక్కువ. ఈ డబ్లిన్ లోనే మన కుర్రవాళ్ళు కొందరు ఫోను జేబులో పెట్టి, మళ్ళీ రీలు కెమేరా మెడలో వేసుకొని తిరుగుతున్నారు. అందుచేత ఈ ఉత్సవ సంచికలో ఆ కెమేరాల కథ చెప్పుకోవడం సమయోచితమని మాకు తోచింది.

మేము మూడు తరాలుగా బడిపంతుళ్ళం. తెలుగు మాత్రం సాయంకాలపు తరగతుల్లో నేర్చుకొన్నాము. ఇంట్లో ఉన్న ఫొటోల వెనుక పెన్సిలుతో వ్రాసిన పేర్లు చదవాలనే కోరికతోనే మొదట అక్షరాలు దిద్దాము.

ఫొటోగ్రఫీ చరిత్రలో మన బే ఏరియాకు పెద్ద పీట ఉన్నది. 1878లో పాలో ఆల్టోలో, లీలాండ్ స్టాన్ఫర్డ్ గారి గుర్రాల క్షేత్రంలో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమేరాలు నిలిపి పరుగెత్తే గుర్రాన్ని బొమ్మ తీశాడు. పరుగులో ఒక క్షణం గుర్రం నాలుగు కాళ్ళూ నేలను వదులుతాయని అప్పుడే ఋజువైంది.

కొద్ది ఏళ్ళకే మన వైపు కూడా ఒక మహానుభావుడు వెలిశాడు. ఆయనే రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1880లలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకమైన స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. 1905లో ఆయన మరణించాడు. ఆయన తీసిన గాజు నెగెటివులు 2,857 కుటుంబంవారు జాగ్రత్త చేసినందువల్ల, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని కొని భద్రపరచింది. గాజు పగలకుండా దాచిన చేతులే ఈనాడు ఆ కాలపు హైదరాబాదును మన ముందు నిలిపినవి.

ఆ రోజుల్లో కెమేరా అంటే మూడుకాళ్ళ స్టాండు, నల్ల గుడ్డ, బరువైన గాజు పలక. బొమ్మ పడేదాకా కదలకుండా ఉండాలి. మన ముత్తాతలు ఫొటోల్లో నవ్వకుండా బిగుసుకొని ఉండడానికి అదొక కారణం. కోపం కాదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనే భయం కూడా కొందరికి ఉండేది.

ఈ బరువును దించినవాడు అమెరికా దేశస్థుడు జార్జి ఈస్ట్ మన్. 1888లో చుట్టు ఫిలింతో కొడాక్ కెమేరా తెచ్చాడు. 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ పెట్టె అమ్మాడు. 1925లో జర్మనీ నుండి లైకా వచ్చింది. సినిమా ఫిలింనే చిన్న కెమేరాలో వేసి, ఒక రీలుకు 36 బొమ్మలు తీసే పద్ధతి దానివల్ల స్థిరపడింది. 1929లో రెండు కళ్ళ రోలీఫ్లెక్స్ వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత మన ఊళ్ళలో మధ్యతరగతి ఇళ్ళకు చేరినది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. రీలుకు పన్నెండే బొమ్మలు. అందుకే పెళ్ళిలో ఎవరిని తీయాలి, ఎవరిని ఆపాలి అని ఇంట్లో చర్చ జరిగేది. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ సంస్థ, నలుపు తెలుపు ఫిలింను మన దేశంలోనే తయారుచేసింది. రీలు స్టూడియోకు ఇచ్చి కడిగించి, ప్రింట్లు వచ్చేదాకా ఎదురు చూడడమూ ఒక పండుగే.

నేటికీ రీలు వాడేవారికి ప్రీతిపాత్రమైన కెమేరాలు ఆ కాలానివే. 1976 నుండి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె-1000 విద్యార్థుల కెమేరా. దానికి బ్యాటరీ వెలుతురు కొలవడానికే గాని, బొమ్మ తీయడానికి అక్కరలేదు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్.ఎం.-2 కూడా అట్లాంటిదే. 1976 నాటి కానన్ ఏ.ఈ.-1 వాడుక సులభం, కాని బ్యాటరీ లేకపోతే పని చేయదు. యాషికా మ్యాట్ 124-జి లోకి తల వంచి పైనుండి చూడాలి. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. 1984 నాటి లైకా ఎం-6 కు ఎంత ఆదరణ ఉన్నదంటే, 2022లో ఆ కంపెనీ దానిని మళ్ళీ తయారు చేసింది.

2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరినప్పుడు రీలు కథ ముగిసిందని లోకం అనుకొన్నది. అదే ఏడు ఆపివేసిన ఎక్టాక్రోం ఫిలింను 2018లో ఆ సంస్థే తిరిగి తెచ్చింది. 2024లో పెంటాక్స్ వారు కొత్త రీలు కెమేరాయే విడుదల చేశారు. 36 బొమ్మల రీలులో 72 బొమ్మలు దానితో తీయవచ్చు.

కుర్రవాళ్ళకు ఇందులో ఏమి రుచి? బొమ్మలు లెక్క ఉన్నవి కాబట్టి, నొక్కే ముందు ఆలోచిస్తారు. రెండవది, చేతికి అందే నెగెటివ్ మిగులుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆన్సెల్ ఆడమ్స్ నెగెటివ్ ను సంగీతపు స్వరలిపితోను, ప్రింటును కచేరీతోను పోల్చాడు. స్వరలిపి ఉంటే కచేరీ మళ్ళీ చేయవచ్చు. 1957లో మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో వచ్చిన మన 'మాయాబజార్', ఫిలిం మీద బొమ్మ నిలిచినందుననే 2010లో రంగుల్లో మళ్ళీ మన ముందుకు వచ్చింది.

ఇక మన కర్తవ్యం. ఇంట్లో పెద్దలు ఉండగానే ఆల్బమ్ తెరిచి, ఎవరు ఎవరో అడిగి, ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. తెలుగులోను, పిల్లలు చదివే లిపిలోను వ్రాయండి. నెగెటివులను గ్యారేజీలోను, అటక మీదను ఉంచకండి. మన ట్రై-వ్యాలీ ఎండలు వాటికి శత్రువులు. చల్లని, పొడి అలమరలో పెట్టండి. వెనిగర్ వాసన వేసే ఫిలిం చెడిపోతున్నదని అర్థం. దానిని తక్కినవాటి నుండి వేరు చేసి, వెంటనే స్కాన్ చేయించండి. నలుపు తెలుపు బొమ్మ వెండితో ఏర్పడింది కాబట్టి చాలాకాలం నిలుస్తుంది. రంగుల బొమ్మ వెలిసిపోతుంది, కనుక ముందు దానిని చూడండి.

పేరు తెలియని ఫొటో రెండవ తరానికి అనుమానం, మూడవ తరానికి అపరిచితుడు. ఈ ఊరివారు 1856లో కట్టిన మర్రే బడిని మ్యూజియంగా నిలుపుకొన్నారు. సముద్రాలు దాటి వచ్చిన మనకు బడి, గుడి, ఇల్లు అన్నీ ఆ ఆల్బమ్ లోనే ఉన్నాయి. రీలు కెమేరా పట్టిన మన పిల్లలు ముందుగా తాత, అమ్మమ్మల ముఖాల మీద తమ పన్నెండు బొమ్మలూ ఖర్చు చేయాలని, వాటి వెనుక తెలుగులో పేర్లు వ్రాయాలని మా ఆకాంక్ష.