సుడి మధ్యలో ఒక సున్నా

సింక్‌లో నీళ్లు దిగిపోతుంటే సుడి తిరుగుతుంది కదా. సూపర్‌కండక్టర్‌లోనూ సుడులుంటాయి, కాకపోతే అక్కడ తిరిగేది కరెంటు. ఆ సుడి నడిమధ్యన ఎలక్ట్రాన్లు ఏం చేస్తుంటాయన్నదే ఇవాళ్టి కథ.

అయస్కాంత క్షేత్రం కొన్ని సూపర్‌కండక్టర్లలోకి సన్నని గొట్టాల్లా దూరుతుందనీ, ప్రతి గొట్టం చుట్టూ కరెంటు తిరుగుతుందనీ సోవియట్ శాస్త్రవేత్త అబ్రికోసోవ్ లెక్క కట్టాడు. గురువు లాండావ్ ఒప్పుకోలేదు. కొన్నేళ్లు పక్కన పడి ఉన్న ఆ పని 1957లో అచ్చయింది. నోబెల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2003లో!

1964లో ఫ్రాన్స్‌లో కరోలి, డి జెన్, మాత్రికాన్ ఇంకో మాట చెప్పారు. సుడి మధ్యభాగం ఒక బావి లాంటిది. అందులో చిక్కిన ఎలక్ట్రాన్లకు నిచ్చెన మెట్లలా విడివిడి శక్తి స్థాయిలుంటాయి. సగం, ఒకటిన్నర, రెండున్నర, ఇలా. సున్నా దగ్గర మాత్రం మెట్టు ఉండదు.

1989లో బెల్ ల్యాబ్స్‌లో హరాల్డ్ హెస్ బృందం మైక్రోస్కోప్ సూదితో సుడి లోపలికి చూసింది. మెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉండి, అన్నీ కలిసి ఒకే గుట్టలా కనబడ్డాయి.

2008లో జపాన్‌లో హోసోనో బృందం ఇనుము ఉన్న పదార్థం 26 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని చూపించింది. ఇనుమంటే సూపర్‌కండక్టివిటీకి శత్రువని అనుకునే రోజులవి! ఈ కుటుంబంలో కొన్నింటికి ఫెర్మీ శక్తి చాలా తక్కువ, అందుకే మెట్లు ఎడంగా పడతాయి. 2018లో నాన్‌జింగ్ బృందం ఇనుము, టెల్లూరియం, సెలీనియం కలిసిన స్ఫటికంలో ఆ మెట్లను విడివిడిగా చూసింది. అదే ఏడాది బీజింగ్ బృందానికి అదే పదార్థంలో సరిగ్గా సున్నా దగ్గర ఒక శిఖరం కనబడింది. మెట్టు ఉండకూడని చోట!

ఇక గోల మొదలైంది. తనకు తానే ప్రతికణమయ్యే కణం ఉండొచ్చని 1937లో మజొరానా అనే ఇటలీ కుర్రాడు రాశాడు, మరుసటి ఏడాదే మాయమైపోయాడు. ఈ సున్నా అలాంటి స్థితేనా? నిజమైతే క్వాంటం కంప్యూటర్లకి పండగే.

కానీ 2019లో జపాన్ రైకెన్ బృందం చూస్తే అన్ని సుడుల్లో సున్నా లేదు. క్షేత్రం పెంచేకొద్దీ సున్నా ఉన్న సుడులు తగ్గిపోయాయి. ఒకే స్ఫటికంలో పక్కపక్క సుడులు వేరువేరుగా ఉండడమేంటి? అదే ఏడాది బీజింగ్ వాళ్లు మెట్లు లెక్కపెట్టారు. సున్నా ఉన్న సుడుల్లో మెట్లు 0, 1, 2. లేని వాటిలో పాత లెక్కే, సగం, ఒకటిన్నర. నాకైతే శిఖరం కంటే ఈ లెక్కే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది. ఒంటరి శిఖరం మలినాల వల్ల కూడా రావచ్చు, మెట్లన్నీ కలిసి సగం జరగడం అంత తేలిక కాదు.

అయినా కేసు మూయలేదు. రెండు సుడుల్ని ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, స్థితి మారిందని చూపిస్తేనే మజొరానా అని ఖాయమవుతుంది. ఆ పని ఇంకా ఎవరూ చేసి చూపించలేదు.