తెలుగునాట కాన్పు చోటు: పుట్టింటి గది నుంచి ఆసుపత్రి దాకా

కాన్పు ఎక్కడ జరగాలన్నది తెలుగునాట కనే మనిషి ఒక్కతే తేల్చుకున్న సందర్భాలు తక్కువ. ఆనవాయితీ, ఘోషా, దూరం, డబ్బు, భయం కాలాన్ని బట్టి ఆ మాట చెబుతూ వచ్చాయి.

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆచారం పాతది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్ళేవారు. ఖర్చు పుట్టింటివారి మీద పడినా, ఈ పద్ధతిలో గొప్ప లోకజ్ఞానం ఉంది. అత్తింట నోరు మెదపలేని పిల్ల తల్లి దగ్గర నొప్పి అని ఏడవగలదు, ఆకలి అని అడగగలదు. అయితే పురుడు మైల కనుక ఆమెకు దక్కేది గాలాడని మూల గదో, వెనక పంచో. మంత్రసానులు చాలా ఊళ్ళలో మంగలి, చాకలి, దళిత కులాల స్త్రీలు. ఊరంతటికీ బొడ్డు కోసిన ఆ చేతులను ఊరు అంటరానివిగా చూసింది. ఇది మరచిపోదగిన అన్యాయం కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, నెత్తురు ఆగకపోయినా వారి దగ్గర మాత్రం సాధనాలేవీ ఉండేవి కావు.

మద్రాసులో 1844లోనే ప్రసూతి ఆసుపత్రి వెలిసింది. కానీ మగ డాక్టరు చెయ్యి తగులుతుందన్న జంకు చాలామందిని గడప దాటనివ్వలేదు. డాక్టర్ మేరీ షార్లీబ్ చొరవతో 1885లో అక్కడే ఘోషా, అగ్రకుల స్త్రీలకు ప్రత్యేక ఆసుపత్రి పెట్టారు. దాని భవనానికి వెంకటగిరి రాజా విరాళమిచ్చారు. గుంటూరులో 1883 నుంచి వైద్యం చేసిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆడ డాక్టరు ఉందన్న కబురే స్త్రీలను అక్కడికి రప్పించింది. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చినా, అర్ధరాత్రి నొప్పులొస్తే బండి దొరకడమే గండం. 2005లో ఆసుపత్రి కాన్పుకు నగదు సాయమిచ్చే జననీ సురక్ష యోజన, అదే ఏడాది ఆగస్టులో 108 అంబులెన్సు మొదలయ్యాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడింట రెండు వంతుల కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. 2019-21 నాటికి ఆంధ్రలో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. మిగిలినవి అంకెల్లో చిన్నవే. కానీ రోడ్డు లేని ఏజెన్సీ గూడెంలో నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దించే వాళ్ళకు ఆ మిగిలిన శాతమే లోకం. అందుకే నెలలు నిండకముందే గర్భిణులను దించి ఉంచే వసతి గృహాలు సాలూరు వంటి చోట్ల ఏర్పడ్డాయి.

ఇప్పుడు ప్రశ్న సర్కారీయా, ప్రైవేటా అన్నది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రిలో కన్నవారికి కేసీఆర్ కిట్‌తో పాటు ఆడపిల్ల పుడితే రూ. 13,000, మగపిల్లాడైతే రూ. 12,000 ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా అప్పు చేసి ప్రైవేటుకు వెళ్ళేవారున్నారు: వార్డులో కసురుకుంటారన్న భయం, గది దొరుకుతుందన్న ఆశ. కోరిన ముహూర్తానికి ఆపరేషన్ చేయించుకునేవారూ ఉన్నారు. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. సహజ కాన్పుల కోసం రాష్ట్రం 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది.

పుట్టింట్లో దొరికి ఆసుపత్రిలో పోయినది తోడు. కాన్పు గదిలో ఒక బంధువు ఉండవచ్చని కేంద్రం 2016లో అనుమతించింది. బల్లకూ బల్లకూ మధ్య తెర కూడా లేని చోట ఆ తోడు ఇంకా తలుపు బయటే నిలబడుతోంది.