ఖర్చును చూసి జబ్బును కొలిచారు

అమెరికాలో నల్లజాతి రోగులు కృత్రిమ మేధను అనుమానిస్తే, అది అజ్ఞానం అనేస్తారు కొందరు. చరిత్ర చూడండి. టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి పురుషులకు జబ్బు పేరు చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు.

2019లో ‘సైన్స్’ పత్రిక మరో సంగతి బయటపెట్టింది. ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చే ఒక అల్గారిథం, జబ్బుకు బదులు వైద్యానికైన ఖర్చును లెక్కగట్టింది. వైద్యమే అందనివాళ్లకు ఖర్చెక్కడిది? (డబ్బుల్లేక ఆసుపత్రి గడప తొక్కని మన వాడల్లోని ముసలమ్మలు ఈ లెక్కన మహా ఆరోగ్యవంతులు!) ఒకే స్కోరు వచ్చిన తెల్లవాళ్లకంటే నల్లవాళ్లు ఎక్కువ జబ్బుతో ఉన్నారు. లెక్క సరిచేస్తే, సాయం అందేవాళ్లలో వాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందట. ఆ అల్గారిథానికి జాతి వివరమే ఇవ్వలేదు మరి. మీకు ఖర్చెందుకు తక్కువని ఆ రోగుల్నే అడిగుంటే మొదటిరోజే చెప్పేవాళ్లు.