ఎవరి లెక్కలో మితవాది? 1936లో నెల్లూరు, మన మీద ఉన్న చట్టం

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన వెంకటాచలం, ముత్తుకూరు, మనుబోలు కాలనీల్లో ఒక మాట వినపడుతుంది. "మా నాయకుడు మితవాది. ఎవరి జోలికీ పోడు. అందర్నీ కలుపుకొని పోతాడు." ఏ పార్టీ అయినా, సీట్లో ఉన్నోళ్ళ తరఫున చెప్పే మాట ఇదే. వినడానికి బాగుంటుంది. కొట్లాటలు పెట్టేవాడి కంటే పెట్టనివాడు మేలే కదా అని మనమూ అనుకుంటాం. అయితే ఎవరి జోలికీ పోనివాడు, ఉన్న చట్టం జోలికి కూడా పోడు. ఆ చట్టం మన మెడ మీద ఉంటే ఆయన మితం మనకి ఏమైనట్టు? ఈ ప్రశ్న మన జిల్లాలో తొంభై ఏళ్ళ కిందటే వచ్చింది. ఆ కథ చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఆ మాట సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో మితవాదులు, అతివాదులు అని చదివాం. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ రెండుగా చీలింది, గోఖలే వాళ్ళు ఒకవైపు, తిలక్ వాళ్ళు ఒకవైపు. పరీక్షకి అంతే చాలు. కానీ మితవాదం అనే ఆలోచన అక్కడితో ఆగిపోలేదు. 1919 చట్టం వచ్చాక 1920లో ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ బహిష్కరించింది. జస్టిస్ పార్టీ మద్రాసు కౌన్సిల్లో అధికారంలోకి వచ్చింది. 'మితవాది' అనే ముద్ర పేరుకి లిబరల్ పార్టీ వాళ్ళది. జస్టిస్ వాళ్ళ వాదన మాత్రం అలాంటిదే. మేము సహాయ నిరాకరణ చేసేవాళ్ళం కాదు, జైళ్ళకి పోయేవాళ్ళం కాదు, సభలో కూర్చొని చట్టబద్ధంగా, మెల్లగా మార్పు తెస్తాం అనేవాళ్ళు.

వాళ్ళు ఏమీ చేయలేదంటే అబద్ధం అవుతుంది. 1921లో ఆడవాళ్ళకి ఓటు ఇవ్వడానికి మద్రాసు కౌన్సిల్ ఒప్పుకుంది, బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో అదే మొదలు. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకి వాటా ఇచ్చే కమ్యూనల్ జీవో అదే ఏడాది వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం చేశారు. ఈరోజు రిజర్వేషన్ మీద చదువుకుంటున్న మనం ఆ జీవోని తేలిగ్గా తీసేయకూడదు. కానీ ఆ జాబితా మొత్తం వెతికినా ఒక చట్టం రద్దయినట్టు కనపడదు. అదే క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, నేరస్థ జాతుల చట్టం.

ఆ చట్టం 1871లో ఉత్తరాదిలో పుట్టింది. 1911లో మన మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1924లో అన్నీ కలిపి మళ్ళీ రాశారు. మన గ్రూపులో చాలామందికి పేరు తెలుసు గానీ లోపల ఏముందో తెలియదు, అందుకని కొంచెం వివరంగా చెప్తాం. ప్రభుత్వం గెజిట్‌లో ఒక తెగ పేరు వేస్తే చాలు, ఆ తెగ నేరస్థ తెగ అయిపోతుంది. మేము దొంగలం కాదని కోర్టుకి పోదామంటే ఆ ప్రకటనని ప్రశ్నించే అధికారం కోర్టుకి లేదు. పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన టైముకి పోయి హాజరు వేయించుకోవాలి, ఇల్లు మారినా ఊరు దాటినా ముందే చెప్పాలి. మొత్తం తెగని ఒక సెటిల్‌మెంట్‌లో పెట్టొచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీసి వేరే బడిలో పెట్టడానికి కూడా అందులో సెక్షన్ ఉంది. ఆ చట్టం షెడ్యూల్లో రాసిన నేరాలకి రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకి తక్కువ కాదు, మూడోసారి ప్రవాసం, బతికినంత కాలం. అదే నేరం రెడ్డిగారి అబ్బాయి చేస్తే మామూలు పీనల్ కోడ్.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో, మన కావలి సెటిల్‌మెంట్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో నడిచాయి. ఎక్కువగా ఎరుకల వాళ్ళు. నెల్లూరు జిల్లాలో మన యానాదుల మీద కూడా ఆ ముద్ర పడింది. ఇక్కడ ఒక తమాషా చూడండి. పంటకి, ఇంటికి కాపలా కావాలంటే యానాది కావాలి. ఊరి ధాన్యం కళ్ళంలో ఉంటే రాత్రంతా కాసేది యానాది. పోలీసు రిజిస్టర్‌లో దొంగ కూడా యానాదే. ఇద్దరూ ఒకడే మనిషి అని అప్పటి పెద్దమనుషులకి తెలియదా? తెలుసు.

సరే, కౌన్సిల్ వాళ్ళు ఎందుకు ఊరుకున్నారు? వాళ్ళ తరఫున చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. 1920 నుంచి 1937 దాకా ద్వంద్వ పాలన. విద్య, ఆరోగ్యం లాంటివి మంత్రుల చేతిలో, పోలీసు, న్యాయం గవర్నర్ మనుషుల చేతిలో. కాబట్టి పోలీసు మా శాఖ కాదు అని మంత్రి తప్పించుకోవచ్చు. నిజమే. అయితే సభలో ప్రశ్న వేయడానికి, తీర్మానం పెట్టడానికి, బడ్జెట్‌లో కోత అడగడానికి శాఖ అక్కర్లేదు, నోరుంటే చాలు. అసలు కారణం మేమనుకునేది ఏందంటే, మనకి ఓటు లేదు. అప్పట్లో ఓటు ఆస్తిని బట్టి, పన్నుని బట్టి. ఎలుకలు పట్టి, చేపలు పట్టి, కూలికి కాపలా కాసేవాడికి పన్ను రసీదు ఎక్కడిది? ఓటున్న రెండు వర్గాల మధ్య నిలబడితే మితవాది. ఓటు లేనోడు ఆ కొలతలోనే లేడు.

మన జిల్లా నుంచే ఒక పెద్ద పేరు ఉంది. బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ రామచంద్రారెడ్డి గారు 1930 నుంచి 1937 దాకా మద్రాసు శాసన మండలి అధ్యక్షుడు. అధ్యక్షుడి కుర్చీ అంటే మధ్యస్థం, ఆ కుర్చీలో ఉన్నాయన పక్షం పట్టకూడదు. ఆయన మీద మాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి. మన నెల్లూరాయన మద్రాసులో సభ నడిపిన ఆ ఏడేళ్ళూ, ఆ చట్టం నెల్లూరులో నడుస్తూనే ఉంది.

ఇక 1936. వచ్చే ఏడాది ఎన్నికలు. బొబ్బిలి రాజా ప్రీమియర్. కాంగ్రెస్ ఈసారి పోటీ చేస్తోంది, అధ్యక్షుడు జవహర్‌లాల్ నెహ్రూ దక్షిణాది అంతా తిరుగుతున్నాడు. అక్టోబరులో నెల్లూరు వచ్చాడు. ఇక్కడే ఆయన నేరస్థ జాతుల చట్టం గురించి మాట్లాడాడు. అది ఘోరమైన చట్టమని, పౌర స్వేచ్ఛని కాదనేదని, ఒక తెగ మొత్తాన్ని నేరస్థులు అనడం కుదరదని, చట్టాల పుస్తకంలోంచి దాన్ని తీసేయాలని అన్నాడు. దేశంలో ఎక్కడ ఈ చట్టం గురించి పుస్తకం రాసినా ఆ మాటలు చెప్తారు. అవి పలికింది మన నెల్లూరులో అన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆ రోజు వరకు అతివాదులు అని పేరు పడ్డోళ్ళు జైళ్ళకి పోయిన కాంగ్రెస్ వాళ్ళు, మితంగా ఉన్నోళ్ళు సభలో ఉన్నోళ్ళు. నెల్లూరులో ఆ మాట పడ్డాక లెక్క తిరగబడింది. పుట్టుకని బట్టి మనిషిని దొంగ అనే చట్టాన్ని నడవనిచ్చేది మితమా? దాన్ని తీసేయమనేది అతా?

1937లో బొబ్బిలి రాజా సొంత బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. 215 సీట్లలో కాంగ్రెస్‌కి 159, జస్టిస్‌కి 18. ఆ 215లో వెనుకబడిన తెగల పేరున ఉంచింది ఒక్కటంటే ఒక్క సీటు.

కథ ఇక్కడ ఆపితే చప్పట్లు కొట్టొచ్చు. కానీ తర్వాతది కూడా చదవాలి. 1937 జులైలో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ఇప్పుడు పోలీసు శాఖ కూడా మంత్రుల చేతికి వచ్చింది, పాత సాకు లేదు. రెండేళ్ళ మూడు నెలలు ఉన్నారు. మద్యనిషేధం తెచ్చారు, రైతుల అప్పుల చట్టం చేశారు, గుడి ప్రవేశం చట్టం చేశారు. నెల్లూరులో నెహ్రూ తీసేయాలన్న చట్టం మాత్రం అట్లాగే ఉంది. 1939 అక్టోబరులో రాజీనామా చేసి పోయారు. చివరికి మద్రాసు రాష్ట్రంలో అది రద్దయింది 1947లో. ఆ మాట అన్న పదకొండేళ్ళకి. అంటే సీట్లో ఉన్నోడి మితవాదాన్ని ప్రశ్నించి గెలిచినోడు కూడా, సీట్లో కూర్చున్నాక అదే మితవాది అయిపోయాడు. మేము ఈ పోస్టు రాయడానికి సగం కారణం ఇదే. ఒక పార్టీని తిట్టడానికి ఈ చరిత్ర పనికి రాదు.

మరి మితవాది అనే మాట పూర్తిగా పనికిమాలినదా? కాదు. వెన్నెలకంటి రాఘవయ్య గారిని చూడండి. మన కులస్తుడు కాదు, నెల్లూరు జిల్లాలో పుట్టిన లాయరు. యానాది సంఘం పని చేశాడు, శాసనసభలో కూర్చున్నాడు, 1962లో యానాదుల మీద పుస్తకం రాశాడు, 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన పద్ధతి చూస్తే అంతకంటే మితం ఉండదు. అర్జీలు, సభలు, సంఘాలు, కాగితాలు. అడిగిన కోరిక మాత్రం మితం కాదు, చట్టం పోవాలి, అంతే. సగం పోతే చాలు అనలేదు. గొంతు మెత్తగా ఉండటం వేరు, కోరిక మెత్తబడటం వేరు. మన దగ్గర ఓట్లడిగే మితవాదుల్లో రెండో రకమే ఎక్కువ.

దేశం మొత్తం మీద చట్టం పోయింది 31 ఆగస్టు 1952న. తిరుపతి వైపు నాయకుడు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ రద్దు చేయమని చెప్పింది. ఆ ఏడాదే మొదటి సాధారణ ఎన్నికలు ముగిశాయి. ఆస్తి లేకపోయినా, పన్ను కట్టకపోయినా, వయసొచ్చిన ప్రతి యానాదికీ ఓటు. నెల్లూరు నుంచి లోక్‌సభకి ఇండిపెండెంటుగా గెలిచింది ఎవరో తెలుసా? పాత మండలి అధ్యక్షుడు రామచంద్రారెడ్డి గారే. అయితే ఈసారి ఓటర్ల జాబితాలో మనోళ్ళు కూడా ఉన్నారు.

పాత చట్టం పోయినా దాని నీడ పోలేదు. రద్దు చేసిన మద్రాసు ప్రభుత్వమే 1948లో అలవాటు నేరస్థుల మీద ఇంకో చట్టం తెచ్చింది. మన రాష్ట్రంలో 1962లో ఆంధ్రప్రదేశ్ హ్యాబిచువల్ అఫెండర్స్ యాక్ట్ వచ్చింది. కాగితం మీద ఇప్పుడు తెగ పేరు లేదు, మనిషి పేరే ఉంటుంది. ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఏ కాలనీకి జీపు వస్తుందో మాత్రం మీ అందరికీ తెలుసు.

ఈసారి మీటింగ్‌కి ఒక పని పెట్టుకున్నాం. మీ ఇళ్ళల్లో ఎనభై దాటిన తాతలు, అవ్వలు ఉంటే, హాజరు వేయించుకోవడం గురించి వాళ్ళ అమ్మానాన్నలు ఏమైనా చెప్పారా అని అడగండి. ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర, రాత్రి ఎన్ని గంటలకి, చిన్న వివరమైనా సరే. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి, రాయడం మేము చూసుకుంటాం. పొదలకూరు వైపు, గూడూరు వైపు ఉన్నోళ్ళు ముందు మొదలు పెట్టండి, అక్కడి పెద్దోళ్ళు చాలామంది ఈ రెండేళ్ళలోనే పోయారు.