మూలపాఠమునుండి యంత్రమునకు
ప్రోగ్రాములను కట్టుటలోని చిక్కుల చరిత్ర

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని తెలుగువారి సామెత. దూరమునుండి చూచువారికి సులభముగా కనిపించు పని, దానికి పూనుకొన్నవారికి ఎన్ని చిక్కులు తెచ్చునో ఈ సామెత తెలుపుచున్నది. కంప్యూటరు శాస్త్రములో ఇట్టి పని ఒకటి కలదు. మనుష్యులు వ్రాసిన మూలపాఠమునుండి, యంత్రముపై నడువగల ప్రోగ్రామును తయారుచేయుటయే ఆ పని. దీనిని ఆ శాస్త్రజ్ఞులు ‘బిల్డ్’, అనగా కట్టడము అనియే పిలుతురు.

కంప్యూటరులోని ప్రాసెసరుకు అర్థమగునది అంకెల రూపములోనున్న యంత్రభాష మాత్రమే. ప్రోగ్రాములు వ్రాయువారు ‘సి’ మొదలగు భాషలలో వ్రాసెదరు. ఈ వ్రాతకు సోర్సు కోడు, అనగా మూలపాఠము అని పేరు. కంపైలరు అను ప్రోగ్రాము ఒక్కొక్క మూలపాఠపు ఫైలును యంత్రభాషలోనికి మార్చి, ‘ఆబ్జెక్టు ఫైలు’ అను ముక్కను ఇచ్చును. లింకరు అను మరియొక ప్రోగ్రాము ఈ ముక్కలను, ముందే సిద్ధముగానున్న లైబ్రరీలతో జతచేసి, నడుచు ప్రోగ్రామును తయారుచేయును. లినక్స్ వంటి వ్యవస్థా సాఫ్టువేరులో ఇట్టి ఫైళ్లు వేలకొలది యుండును. ఒక్కటి సరిపడకున్నను కట్టడము నిలిచిపోవచ్చును. అంతకంటె ప్రమాదకరమైనది, తప్పుగా కట్టబడియు పైకి సరిగా కనిపించుట. ఈ రెండు విధములైన చిక్కులను కనిపెట్టి తొలగించుటకు జరిగిన కృషికి దాదాపు 50 ఏండ్ల చరిత్ర కలదు.

ఒక ఉదయము వృథాయైన కథ

1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యునిక్స్ అను వ్యవస్థను నిర్మింప మొదలిడిరి. 1973లో దాని కెర్నెల్, అనగా హృదయభాగము, రిచీ రూపొందించిన సి భాషలో తిరిగి వ్రాయబడెను. ప్రోగ్రాములు పెద్దవైన కొలది వానిని అనేక ఫైళ్లుగా విభజించుట అలవాటైనది. ఒక ఫైలు మారినప్పుడు దానిని మాత్రమే తిరిగి కంపైలు చేసిన చాలును. కాని ఏది మారినదో, ఏది ఇంకను కంపైలు కాలేదో జ్ఞాపకముంచుకొను భారము మనిషిపైననే యుండెను.

1976లో ఒకనాడు, ‘యాక్’ అను ప్రసిద్ధ ప్రోగ్రామును వ్రాసిన స్టీవ్ జాన్సన్ విసుగుతో తన సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోనికి వచ్చెను. ఆయన ఆ ఉదయమంతయు ఒక ప్రోగ్రాములోని తప్పును వెదకుచు గడపెను. తీరా చూడగా ఆ తప్పును ఆయన ముందే దిద్దియుండెను. దిద్దిన ఫైలును తిరిగి కంపైలు చేయుట మాత్రము మరచెను. సరియైన పాఠము కన్నుల ఎదుట నుండగా, యంత్రముపై పాత ముక్కయే నడుచుచుండెను! ఫెల్డ్‌మన్ కూడ ముందటి సాయంకాలము ఇట్టి చిక్కులోనే కొంత కాలము పోగొట్టుకొనెను. ఆ సంభాషణ ఫలితముగా ఆయన ఒక వారాంతములో ‘మేక్’ అను ప్రోగ్రామును వ్రాసెను.

మేక్ పనిచేయు విధానము సులభమైనది. ఏ ఫైలు దేనిపై ఆధారపడునో ‘మేక్‌ఫైలు’ అను పట్టికలో వ్రాయవలెను. మేక్ ఆ పట్టికను చదివి, ప్రతి ఫైలు చివరిసారి మారిన కాలమును చూచును. మూలపాఠము కొత్తదై, దానినుండి పుట్టిన ముక్క పాతదైనచో, ఆ ముక్కను మాత్రము తిరిగి తయారుచేయించును. పది ఫైళ్లలో ఒక్కటి మారిన, ఒక్కటియే కంపైలగును. పది ఫైళ్లకును ఉమ్మడియైన వివరములుగల ‘హెడరు’ ఫైలు మారిన, పదియు కంపైలగును.

అయితే ఈ పద్ధతికి రెండు బలహీనతలు గలవు. పట్టికలో ఒక ఆధారమును వ్రాయుట మరచిన, మేక్‌కు అది తెలియదు. జాన్సన్‌కు కలిగిన చిక్కే మరల కలుగును. యంత్రపు గడియారము తప్పిన, కొత్తది పాతదిగను, పాతది కొత్తదిగను కనిపించును. పాత ముక్కలనన్నింటిని తొలగించి మొదటినుండి కట్టి చూచుట నేటికిని చిక్కులను విడదీయుటలో ఒక తొలిమెట్టుగా నున్నది. దీనికి కారణమిదియే.

మేక్‌ఫైలులో ఆజ్ఞను వ్రాయు పంక్తి ‘ట్యాబ్’ గుర్తుతో మొదలు కావలెను. దాని స్థానములో ఖాళీలనుంచిన, కంటికి తేడా తెలియకపోయినను మేక్ అంగీకరింపదు. ఈ నియమము మంచిది కాదని ఫెల్డ్‌మన్ త్వరలోనే గ్రహించెను. కాని అప్పటికే పన్నెండుగురు మిత్రులు మేక్‌ను వాడుచుండిరి. వారి పని చెడునని సంకోచించి ఆయన దానిని మార్చలేదు. నాడు పన్నెండుగురికై విడిచిన ఆ చిన్న లోపము అటుపిమ్మట లక్షలమందిని తికమక పెట్టినది. ఐనను మేక్ వలన కలిగిన మేలు చాల గొప్పది. 2003 సంవత్సరపు ఎ.సి.ఎం. సాఫ్టువేరు వ్యవస్థా పురస్కారము ఫెల్డ్‌మన్‌కు లభించినది.

ఒకే పాఠము, అనేక యంత్రములు

1970 దశాబ్దము చివర యునిక్స్ ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రయాణింప నారంభించినది. తరువాత ఒక్కొక్క సంస్థ తనకు తోచిన మార్పులు చేసికొన్నది. ఒకచోట నున్న ఫంక్షను మరియొకచోట లేదు. ఉన్నను పేరు వేరు. ఒక ఊరిలో సరిపోయిన తలుపు మరియొక ఊరి గుమ్మమునకు పట్టనట్లు, ఒక యంత్రముపై కట్టబడిన పాఠము మరియొక యంత్రముపై నిలిచిపోయెడిది. కట్టువాడు మేక్‌ఫైలును తెరచి, తన యంత్రమునకు తగినట్లు చేతితో దిద్దుకొనవలసి వచ్చెడిది.

1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించెను. ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు వీలైన ఒక సంపూర్ణ వ్యవస్థను నిర్మించుట దాని ఆశయము. 1987లో గ్నూ సి కంపైలరు వెలువడెను. మూలపాఠము అందరి చేతికి వచ్చుటతో, దానిని కట్టుటలోని కష్టమును అందరికిని వచ్చినది.

ఈ కష్టమును తగ్గించుటకు ల్యారీ వాల్ వంటివారు 1980 దశాబ్దములోనే ఒక ఉపాయము చేసిరి. యంత్రముపై ఏమున్నదో మనిషి ఊహించుటకు బదులు, యంత్రమునే అడుగుట ఆ ఉపాయము. 1991లో డేవిడ్ మెకెంజీ గ్నూ ఉపకరణములు కొన్నింటిని నిర్వహించుచు, ప్రతి విడుదలను అనేక వ్యవస్థలపై పరీక్షింపలేక, ఇట్టి ప్రశ్నలడుగు చిన్న స్క్రిప్టును వ్రాసెను. అదియే ‘ఆటోకాన్ఫ్’గా పెరిగినది. అది తయారుచేయు ‘కాన్ఫిగర్’ అను స్క్రిప్టు, ఒక ఫంక్షను ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు, దానిని వాడు చిన్న ప్రోగ్రామును వ్రాసి కంపైలు చేసి చూచును. కంపైలైన ఉన్నట్లు, కానిచో లేనట్లు. ప్రశ్నలు, జవాబులు ‘కాన్ఫిగ్.లాగ్’ అను ఫైలులో నమోదగును. కట్టడము ఆరంభములోనే నిలిచినప్పుడు మొట్టమొదట చదువవలసినది ఈ ఫైలే. ‘లైబ్రరీ లేదు’ అని పైకి కనిపించిన సందేశమునకు అసలు కారణము, కంపైలరే సరిగా పనిచేయకపోవుట అని ఒక్కొక్కప్పుడు ఇందులో బయటపడును.

తప్పు పాఠమునదా, యంత్రమునదా?

1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించెను. తొలి కూర్పులో దాదాపు 10,000 పంక్తులే యుండెను. 2020 నాటికి అవి 2 కోట్ల 70 లక్షలకు మించినవి. 1990 దశాబ్దములో ఎందరో విద్యార్థులు తమ సొంత యంత్రములపై ఈ కెర్నెల్‌ను కట్టుకొనిరి. అప్పుడు వారికి ఒక వింత చిక్కు ఎదురైనది. అన్ని విధముల సరిగా పనిచేయుచున్న యంత్రముపై, కెర్నెల్ కట్టుచుండగా మాత్రము, ‘సిగ్నల్ 11’ అను సందేశముతో కంపైలరు కూలిపోయెడిది.

ప్రోగ్రాము తనది కాని జ్ఞాపకస్థానమును ముట్టినప్పుడు యునిక్స్ వ్యవస్థలు ఇచ్చు హెచ్చరికయే సిగ్నల్ 11. కనుక తప్పు కంపైలరుదని పలువురు భావించిరి. కాని అనేక సందర్భములలో తప్పు యంత్రముదే. కంపైలరు తన పనిలో జ్ఞాపకస్థానముల చిరునామాలను పెద్ద సంఖ్యలో గొలుసులుగా అల్లుకొనును. లోపముగల మెమరీ చిప్పులో ఒక్క బిట్టు 0 నుండి 1కి మారినను ఒక చిరునామా తప్పును. కంపైలరు పరుల స్థలములో అడుగిడును. బొమ్మలోని ఒక చుక్క రంగు మారిన ఎవరును గమనింపరు; చిరునామాలోని ఒక్క అంకె మారిన ఉత్తరము వేరొకరి ఇంటికి పోవును గదా!

దీనిని తేల్చుటకు వాడిన పరీక్ష విద్యార్థులు తెలిసికొనదగినది. ఏమియు మార్చక, అదే పనిని తిరిగి చేయించవలెను. ప్రతిసారియు ఒకే పంక్తివద్ద నిలిచిన, తప్పు పాఠములోనో కంపైలరులోనో ఉండవచ్చును. ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట నిలిచిన, యంత్రమును అనుమానింపవలెను. ఒకే కారణము ఒకే ఫలితము నీయవలెనను భౌతికశాస్త్ర సూత్రమే ఇచ్చట ఉపకరణమైనది.

ఇట్టి అనుభవములనుండి కొన్ని పద్ధతులు స్థిరపడినవి. కట్టడము విఫలమైనప్పుడు తెరపై వందల తప్పులు కనిపించినను, సాధారణముగా మొదటిదే అసలు తప్పు. తక్కినవి దాని సంతానము. హెడరు ఫైలు లేదనిన, లైబ్రరీ ఉన్నను దాని అభివృద్ధి భాగము స్థాపింపబడలేదేమో చూడవలెను. పేరుకు నిర్వచనము దొరకలేదని లింకరు చెప్పిన, లైబ్రరీ పేరు ఇయ్యబడినదా, వరుస సరిగానున్నదా అని చూడవలెను. అనేక పనులను ఒకేసారి జరిపించినప్పుడు మాత్రము చెడిన, పట్టికలో ఏదో ఆధారము వ్రాయబడలేదని అనుమానింపవలెను. ఒకసారి ఒక్క మార్పే చేసి చూచుట అన్నింటికిని మూలసూత్రము.

పాఠము నిర్మలము, ప్రోగ్రాము కలుషితము

కట్టడము నిర్విఘ్నముగా ముగిసినంత మాత్రమున అంతయు సరిగా నున్నట్లేనా? ఈ ప్రశ్నను ట్యూరింగ్ పురస్కార సందర్భమున కెన్ థాంప్సన్ లేవనెత్తెను. ఆ ఉపన్యాసము 1984 ఆగస్టులో ప్రకటితమైనది. కంపైలరు ‘లాగిన్’ ప్రోగ్రామును గుర్తించి, దానిలో ఒక దొంగదారిని చేర్చునట్లు చేయవచ్చును. అంతేగాక, తన మూలపాఠమునే కంపైలు చేయుచున్నప్పుడు ఆ మోసమును కొత్త కంపైలరులోనికి ఎక్కించునట్లును చేయవచ్చును. ఆపైన పాఠమునుండి మోసపు పంక్తులను చెరిపివేసినను మోసము నిలిచియే యుండును! పాఠమును ఎంత శ్రద్ధగా చదివినను అది కనిపించదు.

దీనికి సమాధానముగా, ఒకే పాఠమును వేరువేరు మనుష్యులు వేరువేరు యంత్రములపై కట్టినను, బిట్టు తప్పక ఒకే ఫలితము రావలెనను ఉద్యమము బయలుదేరెను. డెబియన్ సంస్థలో ఈ కృషి 2013లో ఊపందుకొన్నది. కట్టిన తేదీ, ఫైళ్ల వరుస వంటి చిన్న తేడాలను తొలగించుటయే ఇందులో ప్రధాన శ్రమ. 2023లో ‘గీక్స్’ ప్రణాళికవారు 357 బైట్ల అతి చిన్న ప్రోగ్రామునుండి మొదలిడి, మెట్టుమెట్టుగా పెద్ద కంపైలరువరకు మూలపాఠమునుండియే కట్టిచూపిరి.

అర సెకను ఆలస్యము

ఈ భయము ఊహ మాత్రమే కాదని 2024 మార్చి 29న లోకమునకు తెలిసినది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు డెబియన్ ప్రయోగాత్మక కూర్పుపై వేగపరీక్షలు చేయుచుండగా, దూరమునుండి ప్రవేశమిచ్చు ‘ఎస్.ఎస్.హెచ్.’ ప్రోగ్రాము ఎక్కువ శ్రమపడుచున్నట్లు కనిపించెను. ప్రవేశమునకు మునుపటికంటె దాదాపు అర సెకను ఎక్కువ పట్టుచుండెను. కొన్ని వారముల క్రితము మెమరీ పరీక్షలో కనిపించిన ఒక వింత ఫిర్యాదు కూడ ఆయనకు జ్ఞాపకము వచ్చెను. కారణము వెదకుచు పోగా, ‘ఎక్స్‌జెడ్’ అను ఫైళ్లను కుదించు సాఫ్టువేరు 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారి బయటపడెను.

రెండేండ్లకు పైగా సహాయకునిగా నటించి నమ్మకము సంపాదించిన ఒక మారుపేరువాడు దీనిని చేర్చెను. అతడు దానిని పాఠములో వ్రాయలేదు. పరీక్షలకై ఉంచిన ఫైళ్లలో దాచి, కాన్ఫిగర్ స్క్రిప్టు నడుచునప్పుడు అది బయటికి వచ్చి కట్టడములో కలియునట్లు చేసెను. దానిని మేల్కొలుపు పంక్తులు బహిరంగ భాండాగారములో లేవు; విడుదల చేసిన కట్టలో మాత్రమే యుండెను. కష్టమును తగ్గించుటకు పుట్టిన స్క్రిప్టే, ఎవరును చదువనంత పెద్దదై, దొంగకు చాటైనది. ప్రయోగాత్మక కూర్పులను దాటి విస్తారముగా వ్యాపింపక ముందే బయటపడుటవలన గొప్ప ప్రమాదము తప్పినది.

1976లో జాన్సన్‌ను వేధించినదియు, 2024లో ఫ్రాయిండ్ కనిపెట్టినదియు ఒకే ప్రశ్నకు రెండు రూపములు: చదువుచున్న పాఠమును నడుచుచున్న ప్రోగ్రామును ఒక్కటేనా? మొదటిది మరపువలన కలిగినది, రెండవది మోసమువలన కలిగినది. రెండింటిని బయటపెట్టినది మాత్రము, ఫలితము అనుకొన్నట్లు లేనప్పుడు ‘ఏదోలే’ అని విడువక కారణమును వెదకు బుద్ధియే. ప్రయోగశాలలో కొలత కొంచెము తప్పినప్పుడు లెక్కను దిద్ది ఊరకొనక, తప్పెక్కడిదని అడుగు విద్యార్థి ఈ మార్గమున నడచుచున్నవాడే.