సిమెంటు మర్మము

నేడు ఇంటింటికిని చేరిన సిమెంటు, తన తొలి దినములలో ఎత్తయిన గోడలనడుమ బందీగా నుండెను. దానిని విడిపించినవారు, తాము కనుగొన్నదానిని తోడివారి ముందుంచిన వృత్తిజనులు. వారి కథ మన గృహస్థులును ఎరుగదగినదని తలంచి వ్రాయుచున్నాము.

ఇంగ్లండు తీరమున ఎడ్డిస్టన్ అను సముద్రశిలపై దీపస్తంభము కట్టు పనిని 1756లో జాన్ స్మీటన్ చేపట్టెను. గట్టి రాతినుండియే గట్టి సున్నము వచ్చునని నాటి నమ్మకము. ఆయన పలుచోట్ల సున్నపురాళ్లను ఆమ్లములో కరగించి, మిగిలిన మడ్డిని పరీక్షించి, మట్టి కలిసిన రాతిసున్నమే నీటిలో గట్టిపడునని తేల్చెను. తన ప్రయోగములను 1791లో గ్రంథముగా ప్రకటించెను. గానుగసున్నములో ఇటుకపొడి కలిపిన మన తాపీవారికి ఈ ఫలము తెలియును. కారణమును వెదకినవారు మాత్రము అరుదు.

1824లో లీడ్సు పట్టణపు తాపీమేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. అందు పాళ్లును లేవు, కాల్చవలసిన వేడిమియు లేదు! ఆయన కుమారుడు విలియము మరింత గడుసరి. పళ్లెములలో మైలుతుత్తము మొదలగు పొడులను తెచ్చి బట్టీలో చల్లి, అందే కీలకమున్నదని పనివారిని భ్రమింపజేసెడివాడట. ఆ మర్మము ఛేదింపబూనిన ఐజాక్ జాన్సన్, రసాయనజ్ఞుని మాట నమ్మి ఎముకలను కాల్పించి చూచెను, ఫలము లేకపోయెను. తుదకు, అతిగా కాలి ముద్దకట్టినవని పారవేయు గడ్డలను నూరించగా, అవియే ఆలస్యముగా బిగిసి మిక్కిలి దృఢమయ్యెను. తండ్రి కొడుకునకు తప్ప చెప్పని విద్యలు మన దేశమున ఎన్ని మట్టిగలిసినవో గదా!

అమెరికాలో సిమెంటు ఇటుకలు ఎవరికి తోచినట్లు వారు పోయుటచే నాసిరకపువి ప్రబలెను. 1905 జనవరిలో ఇండియానాపొలిసులో సిమెంటు వాడువారు ఒక జాతీయసంఘముగా నేర్పడిరి. 1913లో అది అమెరికను కాంక్రీటు ఇన్‌స్టిట్యూట్ అయ్యెను. అనుభవములను సభలలో చదువుట, తప్పులను చర్చించుట, అందరికిని ఒక కొలత నేర్పరచుట వారి పని.

1918లో షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌నుండి డఫ్ ఏబ్రమ్సు ఒక సూత్రమును ప్రకటించెను. సామగ్రి ఒకటియే యైనచో, పోతపోయుటకు వీలైనంతవరకు, కాంక్రీటు బలము సిమెంటునకు నీటికిగల నిష్పత్తిని బట్టియుండును. సిమెంటుతో కలియక మిగిలిన నీరు ఆరిపోయి సన్నని రంధ్రములను మిగుల్చును. వానిగుండ తేమ చొరబడి లోపలి ఇనుమును త్రుప్పు పట్టించును. పని సులువగునని పనివాడు కుమ్మరించు బిందెడు నీరు ఇంటి కప్పు బలమును హరించుచున్నదన్నమాట. పోసి గట్టిపడిన పిదప కొన్నిదినములు తడుపుట వేరు, అది అత్యవసరము. ఈ రెంటిని మనవారు తరచుగా తారుమారు చేయుదురు: కలుపునపుడు ధారాళము, తడుపునపుడు పిసినారితనము.

మన దేశమున కాంక్రీటు పనికి ప్రమాణనియమావళి 1953లో వెలువడి, 2000 నాటికి నాలుగు పర్యాయములు సవరింపబడెను. 1982లో మద్రాసున ఇండియను కాంక్రీటు ఇన్‌స్టిట్యూట్ స్థాపితమయ్యెను. నియమావళిలో నీటికి హద్దు స్పష్టముగానే కలదు. చిన్న ఇండ్లు కట్టుచోట మాత్రము నేటికిని కొలపాత్రకంటె మేస్త్రి కంటిచూపునకే అధికారమెక్కువ.